ఇంజను ఆఖర్న కొనండి
పాతకాలపు మోటారు సైకిల్ ఫ్రేమును ఇంట్లో కట్టుకునేవారికి తలకిందుల సలహాలు

సైకిల్‌కు మోటారు పెట్టాలన్న ఆశ పుట్టగానే ఎవరైనా ముందు ఇంజనే కొంటారు. నేనూ అదే చేశాను. పెట్టె వచ్చిన రోజు సాయంత్రమే విప్పి, ఇంట్లో మూలన ఉన్న పాత నల్ల సైకిల్‌కు క్లాంపులతో బిగించాను. పదకొండో రోజున వాన తుంపర పడుతోంది. నిజాంసాగర్ కాలువ వంతెన దిగుతుంటే బర్రె అడ్డమొచ్చింది. రాడ్ బ్రేకు నొక్కితే రబ్బరు కట్టలు తడి రిమ్ము మీద జారిపోయాయి. నేను కాలువ గట్టు మీద పడ్డాను, మెడ పక్క ఎముక విరిగింది.

చెయ్యి కట్టుకుని ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆ ఫ్రేమును మంచం పక్కకు తెప్పించుకుని చూశాను. హ్యాండిల్ తిరిగే హెడ్ పైపు కింద, కింది పైపు అతుక్కునే చోట వెంట్రుకంత పగులు ఉంది. పగులు లోపల తుప్పు పట్టి ఉంది. పడ్డప్పుడు వచ్చిన పగులైతే ఇనుము తెల్లగా మెరవాలి. అంటే నేను ఆ పదకొండు రోజులూ విరగబోయే బండి మీదే తిరిగాను. బర్రె అడ్డం రాకపోతే ఇంకో వారానికి ఆ పైపే తెగి ఉండేది.

అప్పటినుంచి మూడు ఫ్రేములు కట్టాను. మూడూ ఇప్పటికీ నడుస్తున్నాయి. ఈ పని మొదలుపెట్టే కుర్రాళ్లకు నేను చెప్పే మాటలు విని చుట్టుపక్కలవాళ్లు తప్పుడు సలహాలంటారు. మా వర్నిలో ట్రాక్టర్లకు కేజ్‌వీల్స్ చేసే వెల్డింగ్ షాపు తమ్ముడైతే మొదటిరోజే అన్నాడు: "ఏందన్నా గిది? పాత ఎక్సెల్ కొనుక్కుంటే అయిపోతది గదా!" అతను చెప్పింది నిజమే. డబ్బు మిగలాలన్నా, రేపు పొద్దునే పొలానికి పోవాలన్నా ఎక్సెల్ మోపెడ్ కొనుక్కోవడమే మంచిది. ఒక ఫ్రేము ఎలా నిలబడుతుందో, ఎక్కడ విరుగుతుందో చేతులతో తెలుసుకోవాలని ఉంటేనే ఇది చదవండి.

ఈ విద్య మా ప్రాంతానికి కొత్త కాదు. 1931లో నిజాంసాగర్ పూర్తయింది. కాలువ నీళ్లతో పాటే కోస్తా నుంచి రైతులొచ్చి వర్ని, కోటగిరి, బోధన్ చుట్టూ క్యాంపులు కట్టుకున్నారు. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చెరకు గానుగలు ఆడాలంటే ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు కావాలి. మా పెద్దనాన్న అక్కడ ఫిట్టరు. గానుగ ఆడే నెలల్లో ఒక్క బోల్టు జారినా ఎంత చెరకు ఎండుతుందో తెలిసిన మనిషి. ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఆ చేతుల పనితనం లేత్ షాపుల్లోకి, ట్రాలీలు చేసే షెడ్లలోకి చెదిరిపోయింది. కింద రాసినవాటిలో సగం ఆయన నేర్పినవి, మిగతా సగం పగిలిన ఆ పైపు నేర్పినవి.

1. ముందు బ్రేకు కొనండి

ఇంజను ఫొటోలు చూడటం ఆపి ముందు చక్రం ఎలా ఆగుతుందో తేల్చుకోండి. వేగం రెండింతలైతే బండి మోసుకెళ్లే శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 12 కిలోమీటర్లతో తొక్కే సైకిల్‌ను ఆపడానికి చేసిన రాడ్ బ్రేకును 25 కిలోమీటర్ల వేగంలో నమ్మడమంటే, దాని మీద నాలుగు రెట్ల బరువు వేయడమే. పైగా మెరుగుపెట్టిన ఇనుప రిమ్ము తడిస్తే రబ్బరుకు పట్టు దొరకదు.

రెండు దారులున్నాయి. పాత మోపెడ్ డ్రమ్ బ్రేకు హబ్బును సైకిల్ రిమ్ములోకి స్పోకులతో అల్లించడం ఒకటి, గేర్ల సైకిళ్లకు వచ్చే డిస్కు బ్రేకు పెట్టడం రెండోది. డ్రమ్ తీసుకుంటే ముందు రంధ్రాలు లెక్కపెట్టండి. మన పాత నల్ల సైకిళ్లకు ముందు రిమ్ముకు 32, వెనక రిమ్ముకు 40 రంధ్రాలుంటాయి. హబ్బు లెక్క, రిమ్ము లెక్క కలవకపోతే ఏ మేస్త్రీ అల్లినా చక్రం నిలవదు.

బ్రేకు ముందు కొనమనడానికి అసలు కారణం ఇంకొకటుంది. ఫ్రేము ఆకారాన్ని నిర్ణయించేది బ్రేకే. ముందు డిస్కు పట్టగానే ఫోర్కు ఎడమ కాలు మెలి తిరగాలని చూస్తుంది. ఆ విసురు పైకి వెళ్లి హెడ్ పైపు దగ్గర పడుతుంది. నా పాత ఫ్రేము పగిలింది సరిగ్గా అక్కడే. ఏ బ్రేకు వస్తుందో తెలిస్తేనే ఫోర్కు ఎంత లావుండాలో, బ్రేకు పట్టీ ఎక్కడ అతకాలో తెలుస్తుంది.

పాతకాలపు బండి అనగానే అందరి కళ్లూ 1910ల నాటి అమెరికా బోర్డు ట్రాక్ బళ్ల మీద పడతాయి. పొడవాటి ట్యాంకు, కిందికి వంగిన హ్యాండిలు, బక్కచిక్కిన ఫ్రేము. ఆ అందం నాకూ ఇష్టమే. కానీ చెక్క పలకల వలయాల మీద పరుగెత్తిన ఆ బళ్లకు బ్రేకులు ఉండేవి కావు. 1912 సెప్టెంబరు 8న న్యూజెర్సీలోని నెవార్క్ ట్రాక్ మీద జరిగిన ప్రమాదంలో ఎడ్డీ హషా అనే పందెగాడు, మరో పందెగాడు, పలువురు ప్రేక్షకులు చనిపోయారు. ఆ బళ్ల రూపం తీసుకోండి గానీ బ్రేకు లేకపోవడాన్ని తీసుకోకండి.

2. కాగితం మీద గీయకండి, నేల మీద గీయండి

కంప్యూటర్ బొమ్మలు, చిన్న స్కేలు డ్రాయింగులు పక్కన పెట్టండి. వరండా గచ్చు కడిగి, ఆరాక, సుద్దముక్కతో బండిని నిజమైన కొలతలో గీయండి. పైపులు కోసి ఆ గీతల మీదే పరచుకోవచ్చు. తప్పు ఎక్కడుందో కన్నే పట్టేస్తుంది.

ముందు నేల గీత. దాని మీద రెండు చక్రాలు. 26 అంగుళాల చక్రమైతే రెండు ఇరుసుల మధ్య 1,200 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టండి. మామూలు సైకిల్ కంటే కొంచెం పొడవు, పాతకాలపు చూపుకు అదే అందం. తర్వాత హెడ్ పైపు వాలు. 68 డిగ్రీలు మంచి కొలత. కోణమాపకం అక్కర్లేదు: నేల గీత మీద 40 సెంటీమీటర్లు, అక్కడినుంచి నిట్టనిలువుగా 99 సెంటీమీటర్లు కొలిచి, ఆ చివరనూ మొదలుపెట్టిన చోటునూ కలిపితే 68 డిగ్రీల వాలు వస్తుంది.

ఆ వాలు గీతను నేల దాకా పొడిగించండి. అది నేలను తాకే చోటు, చక్రం నేలను తాకే చోటు కంటే ముందుండాలి. ఈ రెండింటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. ఫోర్కు కిందిభాగం 60 మిల్లీమీటర్లు ముందుకు వంగి ఉంటే 26 అంగుళాల చక్రానికి ట్రెయిల్ దాదాపు 68 మిల్లీమీటర్లు వస్తుంది. ఇది బాగా తగ్గితే బండి వేగంలో హ్యాండిలు వణకొచ్చు. మరీ ఎక్కువైతే మలుపులో బండి మాట వినదు. అందం కోసం ఫోర్కును ఇంకా సాగదీయాలనిపించినప్పుడల్లా మళ్లీ నేల మీద కూర్చుని ఈ దూరం కొలవండి.

గీసిన బొమ్మను వారం రోజులు చెరపకండి. ఇంట్లోవాళ్లు తొక్కకుండా పక్కనుంచి నడవాల్సి వస్తుంది, విసుక్కుంటారు. అయినా ఉంచండి. నా రెండో ఫ్రేములో పెడల్ తిరిగినప్పుడు ముందు చక్రానికి బూటు తగులుతుందని నాలుగో రోజున, టీ తాగుతూ చూస్తుంటే తెలిసింది.

3. మందమైన పైపు వద్దు

"గట్టిగుండాలంటే నీళ్ల పైపు పెట్టు" అని చెప్పనివాళ్లు మా ప్రాంతంలో లేరు. ట్రాక్టరు ట్రాలీలు, దున్నే సామాను చేసే చేతులవి. బలమంటే మందమనే వాళ్ల లెక్క. బండి ఫ్రేముకు ఆ లెక్క పనికిరాదు.

పైపు వంగకుండా ఉండటం మందం కంటే వ్యాసం మీద ఎక్కువ ఆధారపడుతుంది. బయటి వ్యాసం 25.4 మిల్లీమీటర్లు, మందం 3.2 ఉన్న పైపు మీటరుకు 1.75 కిలోలు తూగుతుంది. వ్యాసం 31.8, మందం 1.6 ఉన్నది 1.2 కిలోలే. అయినా ఈ తేలికపాటి పైపే వంగకుండా నాలుగో వంతు ఎక్కువ గట్టిగా నిలబడుతుంది. బరువు తగ్గితే ఆపడమూ సులువే. మళ్లీ బ్రేకు దగ్గరికే వచ్చాం చూడండి.

కింది పైపుకు 31.8, పై డండీకి 25.4 లేదా 28.6, రెండింటికీ 1.6 మిల్లీమీటర్ల మందం సరిపోతాయి. పాత ఇనుము దుకాణంలో కిలో లెక్కన కొనకండి, కొత్తదే తీసుకోండి. లోపలి తుప్పు బయటికి కనపడదు.

నీళ్ల పైపు వద్దనడానికి ఇంకో ముఖ్యమైన కారణం దాని మీది జింకు పూత. వెల్డింగ్ వేడికి జింకు తెల్లటి పొగై లేస్తుంది. ఆ పొగ పీల్చినవారికి రాత్రికి చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. చాలామంది వెల్డర్లు దాన్ని మామూలు జ్వరమనుకుని మాత్ర వేసుకుని మర్నాడు మళ్లీ అదే పొగలో కూర్చుంటారు. మీ ఫ్రేము కోసం ఆ తమ్ముడి ఊపిరి పాడుచేయకండి.

4. నెల రోజులు ఆకురాయి పట్టండి

రెండు పైపులు కలిసే చోట ఒకదాని చివర చేప నోరులా కోసి, రెండోదాని గుండ్రానికి అతికేలా చేయాలి. గ్రైండరుతో రెండు నిమిషాల్లో కోసి, మిగిలిన సందును వెల్డింగ్‌తో నింపేయొచ్చని అందరూ అంటారు. అలా చేయకండి. అర్ధచంద్రాకారపు ఆకురాయి తీసుకుని చేత్తో రాయండి. ఒక్కో మూలకు ఒక్కో సాయంత్రం పడుతుంది.

రెండు పైపులూ ఆనించి వెనకనుంచి టార్చి వేసి చూడండి. వెలుగు గీత కనపడితే ఇంకా రాయాలి. వెలుగు రాని సందును వెల్డరు తక్కువ వేడితో, తక్కువ లోహంతో అతుకుతాడు. సందు పెద్దదైతే దాన్ని నింపడానికి వేడి పెంచుతాడు, పల్చటి పైపు గోడ కరిగిపోతుంది. కరగకపోయినా, చల్లారుతూ ఆ లోహం ముడుచుకుని పైపును తన వైపు లాగేస్తుంది. నేల మీద గీసిన 68 డిగ్రీలు అక్కడితో పోతాయి.

మా పెద్దనాన్న ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో మేస్త్రీ ఆయన చేతికి ఒక ఇనుప దిమ్మె, ఒక ఆకురాయి ఇచ్చి, ఆరు ముఖాలూ మూలమట్టానికి ఆనేదాకా రాయమన్నాడట. ఆ దిమ్మె ఇప్పటికీ మా ఇంట్లో కాగితాలు ఎగరకుండా బరువుగా ఉంటోంది. నా మూడో ఫ్రేము రాస్తున్నప్పుడే దాని విలువ నాకు తెలిసింది.

5. మీరు వెల్డింగ్ చేయకండి

ఇంట్లో కట్టడమంటే అన్నీ సొంత చేత్తో చేయడం కాదు. కొలత మీది, కోత మీది, రాపిడి మీది. అతుకు మాత్రం రోజూ అతికే చేతిది. మంచం కోడు అతకడం వేరు, మనిషి ప్రాణం మోసే హెడ్ పైపు అతకడం వేరు.

పల్చటి పైపుకు సీఓటూ వెల్డింగ్ ఉన్న షాపు దొరికితే మేలు. మామూలు కరెంటు వెల్డింగే ఉంటే ట్రాలీలకు వాడే 3.15 రాడ్డు కాకుండా 2 లేదా 2.5 రాడ్డు, తక్కువ కరెంటు పెట్టమనండి. గ్యాస్‌తో ఇత్తడి అతుకు వేయగల పాత మేస్త్రీ ఉంటే ఆయన్నే వెతుక్కుని వెళ్లండి. పాత సైకిళ్ల ఫ్రేములను మూలల్లో పట్టి ఉంచింది ఇత్తడే. ఉక్కు దాదాపు 1,500 డిగ్రీల దగ్గర కరిగితే, ఇత్తడి రాడ్డు 900 డిగ్రీల దగ్గరే కరిగి సందులోకి పారుతుంది. అంత తక్కువ వేడిలో పైపు గోడ దెబ్బతినదు. కానీ ఇత్తడి పారాలంటే సందు వెంట్రుకంతే ఉండాలి. నాలుగో సలహాలోని నెల రోజులు అందుకే.

ముందు అన్ని మూలల్లోనూ చుక్కలు పెట్టించండి. నేల బొమ్మ మీద పరిచి మళ్లీ కొలవండి. తర్వాత ఎదురెదురు మూలలు మార్చి మార్చి అతికించండి. అతికాక నీళ్లు పోయనివ్వకండి. దానంతటదే చల్లారాలి.

6. అతుకును నున్నగా చేయకండి

వెల్డింగ్ గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. దాన్ని గ్రైండరు పెట్టి చదును చేసి, పుట్టీ పూసి, ఒకే పైపులా కనపడేలా చేయడమే పనితనమని మన దగ్గర పేరు. మీరు చేయకండి. ఆ ఉబ్బులోనే బలముంది. గ్రైండరు తగిలితే పక్కనున్న పల్చటి పైపు గోడ కూడా పోతుంది, గీతలు పడతాయి. ఆ గీతల్లోంచే పగులు పుడుతుంది.

అందం కావాలంటే అతుకు సమంగా పడేదాకా పనికిరాని ముక్కల మీద వేయించి చూడండి. అందులో రెండు ముక్కలు తెచ్చి బల్లకు బిగించి, సుత్తితో కొట్టి విరగ్గొట్టండి. పైపు వంగి అతుకు నిలిస్తే ఆ చేతికి ఫ్రేము ఇవ్వండి. అతుకు దగ్గరే ఊడితే దండం పెట్టి వేరే షాపుకు వెళ్లండి.

7. రంగు వేయకండి

ఫ్రేము తయారయ్యాక ఎర్ర రంగు, బంగారు గీతలు వేయాలని చేతులు దురద పెడతాయి. మొదటి 500 కిలోమీటర్లు ఏ రంగూ వేయకండి. చుట్టాలొచ్చి తుప్పు బండి అంటారు, అననివ్వండి. రంగు పగులును దాచేస్తుంది. నా మొదటి బండి మీద మూడు పొరల నల్ల రంగుంది.

ఒట్టి ఇనుముకు పల్చగా నూనె రాసి తిరగండి. ప్రతి ఆదివారం మూలలు తుడిచి పరీక్ష చేయండి. పొయ్యికి వాడే కిరోసిన్ అతుకు మీద రాసి, పావుగంట ఆగి, గుడ్డతో పూర్తిగా తుడవండి. దాని మీద సుద్దపొడి పూయండి. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ సుద్దలోకి తడిగీతలా పాకుతుంది. హెడ్ పైపు కింద, వెనక ఇరుసు పట్టుకునే ముక్కల దగ్గర, ఇంజను బిగించే పట్టీల దగ్గర మొదట చూడండి. గీత కనపడిన రోజున బండి ఆగిపోవాలి. పగులు మీదే మళ్లీ వెల్డింగ్ వేసి సరిపెట్టకండి. ఆ పైపు మార్చండి.

500 కిలోమీటర్లు పగులు లేకుండా తిరిగాక మీకు నచ్చిన రంగు వేసుకోండి.

8. పెడళ్లు తీయకండి

పెడళ్లుంటే మోటారు బండిలా కనపడదని తీసేసి కాళ్లు పెట్టుకునే కడ్డీలు బిగిస్తారు. పెడళ్లు ఉంచండి. మన తెలుగు నేల మీద పుట్టిన మోపెడ్ ఇదే చెప్పింది. 1960ల మధ్యలో ఫ్రాన్స్‌లోని మోటోబెకాన్ కంపెనీ సహకారంతో తిరుపతిలో మోపెడ్స్ ఇండియా వారు సువేగా చేయడం మొదలుపెట్టారు. ఆ బండిని పెడల్ తొక్కే లేపేవాళ్లు, పెట్రోలు అయిపోతే తొక్కుకుంటూ ఇంటికి చేరేవాళ్లు. 1972లో వచ్చిన లూనా, 1980లో వచ్చిన టీవీఎస్ 50 కూడా పెడళ్లతోనే వచ్చాయి.

పెడల్ ఉంటే ఫ్రేము కొలతలు నిజాయితీగా ఉంటాయి. తొక్కడానికి వీలైన చోట సీటు పెట్టాల్సి వస్తుంది. తొక్కగలిగినంత బరువే కట్టాల్సి వస్తుంది.

9. మొదట బియ్యం సంచిని ఎక్కించండి

ఫ్రేము, చక్రాలు, బ్రేకులు బిగిశాయి. ఇంజను లేదు. ఇప్పుడు ఇంజను వచ్చే చోట, పెడల్ ఇరుసుకు పైన, 5 కిలోల ఇసుక మూట కట్టండి. వెనక క్యారేజీ మీద 25 కిలోల బియ్యం సంచి వేయండి. ఇలా 300 కిలోమీటర్లు తొక్కండి.

నేను కాలువ గట్ల మీద, క్యాంపుల మధ్య మట్టిదారుల్లో, వర్ని నుంచి రుద్రూరు మీదుగా బోధన్ దాకా తొక్కాను. బడా పహాడ్ దర్గా ఉర్సు రోజుల్లో మాత్రం ఆ దారికి వెళ్లలేదు, అంత జనంలో పరీక్ష బండి తిప్పడం తప్పు. గుంతల దారిలో మోకాలి కింద ఫ్రేము చిన్నగా కిర్రుమన్నా ఆగి చూడండి. ఖాళీ మైదానంలో ముందు బ్రేకు ఒక్కటే, వెనక బ్రేకు ఒక్కటే, తర్వాత రెండూ పట్టి చూడండి. తడి నేల మీదా చూడండి. ఇంజను మోతలో వినపడని మాటలన్నీ ఈ 300 కిలోమీటర్లలో ఫ్రేము చెప్పేస్తుంది.

ఆ ఇసుక మూటను అంత కిందగా, పెడల్ ఇరుసు దగ్గరే ఎందుకు కట్టాలన్నదానికి చరిత్రలో జవాబుంది. 1897లో పారిస్‌లో వెర్నర్ సోదరులు సైకిల్ ముందు చక్రం పైన ఇంజను పెట్టి మోటోసైక్లెట్ అన్నారు. బరువంతా పైన, ముందు ఉండటంతో తడి దారిలో అది జారి పడేది. 1901లో వాళ్లే ఇంజనును దించి పెడల్ ఇరుసు చోట, రెండు చక్రాల మధ్య కూర్చోబెట్టారు. ఇవాళ రోడ్డు మీద వెళ్లే ప్రతి మోటారు సైకిలూ దాదాపు ఆ అమరికలోనే ఉంది.

10. పాత ట్యాంకుకు వెల్డింగ్ వేయించకండి

పాత బండి పెట్రోలు ట్యాంకును కోసి, సన్నగా మలిచి అతికిస్తే పాతకాలపు చూపు వస్తుందని చెప్తారు. సబ్బునీళ్లతో కడిగితే చాలంటారు. చాలదు. మడతల్లో ఇంకిన పెట్రోలు వేడికి ఆవిరై గాలితో కలిస్తే నిప్పురవ్వ చాలు, ట్యాంకు బాంబవుతుంది. ఈ ఒక్క సలహా మీద నాతో వాదించకండి.

మీకు కావల్సింది లీటరు పట్టే కొత్త చిన్న ట్యాంకు. దానికి మూసే కుళాయి ఉండాలి, సైలెన్సరుకు దూరంగా ఉండాలి. చిన్నదైనా బండి అందం తగ్గదు. 1946లో జపాన్‌లోని హమమత్సులో సోయిచిరో హోండా యుద్ధంలో మిగిలిన రేడియో జనరేటర్ల ఇంజన్లు తెచ్చి సైకిళ్లకు బిగించినప్పుడు, మొదటి బండికి పెట్రోలు ట్యాంకుగా వాడింది పడకలో కాళ్లు వెచ్చబెట్టుకునే వేడినీళ్ల డబ్బాను. ఊళ్లో ఉన్నదానితో మొదలుపెట్టిన ఆ పనిలోనే పెద్ద కంపెనీ పుట్టింది.

11. దొరికినవాటిలో చిన్న ఇంజను ఎంచుకోండి

పెట్టెలో వచ్చే 80 సీసీ ఇంజను వైపు చూడకండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 2(28) ప్రకారం నాలుగు కంటే తక్కువ చక్రాలుండి, ఇంజను 25 సీసీ మించని బండి మోటారు వాహనం కిందికి రాదు. అది దాటిందంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కావాలి. ఇంట్లో కట్టిన ఒక్క బండికి నమూనా అనుమతి తెచ్చుకోవడం మనలాంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు.

ఇంజను మీది అంకెను నమ్మకుండా మీరే లెక్క వేయండి. బోరును (సిలిండరు లోపలి వ్యాసం), స్ట్రోకును (పిస్టను కదిలే దూరం) సెంటీమీటర్లలో తీసుకుని, బోరును దానితోనే గుణించి, 0.785తో గుణించి, స్ట్రోకుతో గుణించాలి. బోరు 34 మిల్లీమీటర్లు, స్ట్రోకు 28 అయితే 25.4 సీసీ వస్తుంది. మందు కొట్టే స్ప్రేయరుదైనా, గడ్డి కోసే మిషనుదైనా అది గీత దాటినట్టే. పెట్రోలు వద్దనుకుంటే 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న బ్యాటరీ బండికి కూడా మినహాయింపు ఉంది, కాకపోతే దాన్ని గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ నిర్ధారించాలి.

చట్టం మినహాయించినా హెల్మెట్ పెట్టుకోండి. క్యారేజీ మీద మనిషిని ఎక్కించకండి, ముఖ్యంగా పిల్లల్ని.

చిన్న ఇంజను లాగాలంటే పళ్ల లెక్క కుదరాలి. 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు దాదాపు 2.07 మీటర్లు పోతుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి 200 చుట్లు తిరుగుతుంది. ఇంజను 5,000 చుట్లు తిరుగుతుంటే అవి 25 కలిస్తే చక్రానికి ఒక చుట్టు. దాన్ని రెండుగా విడగొట్టండి: బెల్టు దగ్గర ఐదుకు ఒకటి, చైను దగ్గర ఐదుకు ఒకటి. ఈ లెక్కతో బండి నిదానంగానే పోతుంది. అంతకంటే వేగం మీ ఫ్రేముకూ బ్రేకుకూ అవసరం లేదు.

12. ఇప్పుడు ఇంజను కొనండి

నేల మీద బొమ్మ గీసిన రోజు నుంచి ఇక్కడికి రావడానికి నాకు ఒక్కో ఫ్రేముకు ఎనిమిది, తొమ్మిది నెలలు పట్టింది. ఈలోపు ఇంజన్లు ఎన్నో కొత్తవి వచ్చి ఉంటాయి. ఇప్పుడు మీకు ఎంత వెడల్పు ఇంజను పడుతుందో, పట్టీ ఎక్కడ రావాలో, బండి ఎంత వేగం దాకా ఆగగలదో తెలుసు. కొనే ముందే ఏది వద్దో చెప్పగలరు.

నేను మూడో ఫ్రేముకు ఇంజను తెచ్చి బిగించిన రోజు సాయంత్రం దాన్ని కాలువ గట్టుకు తీసుకెళ్లాను. నేను పడ్డ వంతెన దాటి ఒక కిలోమీటరు పోయి, ఇంజను ఆపేశాను. మోత ఆగాక చైను చప్పుడు, కాలువ నీళ్ల చప్పుడు వినపడ్డాయి. తిరిగి పెడల్ తొక్కుతూ వంతెన ఎక్కి, దిగేటప్పుడు ముందు బ్రేకు పట్టాను. కావాలనే గట్టిగా పట్టాను. ఫోర్కు వణకలేదు, బండి గీత తప్పలేదు, వంతెన చివర రాయి దగ్గర నిలబడిపోయింది.

మర్నాడు ఆదివారం. కిరోసిన్ గుడ్డ, సుద్దపొడి తీసుకుని హెడ్ పైపు దగ్గర కూర్చున్నాను.